పరదా కూడా తలుపే

ఈ ఏడాది ముగిసేలోగా ఇల్లు లేని కుటుంబం ఒక్కటి కూడా కనబడకూడదని గృహనిర్మాణ మంత్రిగారు మైకు ముందు ప్రకటించారు. ప్రకటించి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ ప్రకటించారు. ‘కనబడకూడదు’ అన్నప్పుడు బల్ల గుద్దారు. ముందు వరుసలో కూర్చున్న అధికారులు ఆ ఒక్క మాటే నోట్ చేసుకున్నారు.

నేను ప్రభుత్వాన్ని ఆడిపోసుకునే మనిషిని కాను. ముప్ఫై రెండేళ్ళు ఉత్తరప్రత్యుత్తరాల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఒక పని జరగకుండా ఉండాలంటే ఎంతమంది ఎంత శ్రమపడాలో నాకు తెలుసు. అందుకే ఈ విషయంలో మంత్రిగారూ సర్వే డైరెక్టరుగారూ పడ్డ కష్టాన్ని పాఠకులకు చెప్పడం నా ధర్మం అనుకుంటున్నాను.

మాది ప్రభుత్వం ఎప్పుడో కట్టించిన మూడంతస్తుల అద్దె భవనం. నేనుండేది మొదటి అంతస్తు. నేను ఎక్కే మెట్ల కింద ఇస్త్రీ ఆవిడ కాపురం. ఆవిడ, వాచ్‌మన్ పని చేసే మొగుడు, అత్తగారు, అంతే. రోజూ మెట్లు ఊడ్చి, నీళ్ళ మోటారు వేసి కట్టేస్తుంది కాబట్టి వాళ్ళని ఎవరూ పొమ్మనలేదు. మెట్ల కింద ముందువైపు మనిషి నిలబడొచ్చు. రెండడుగులు లోపలికి వేస్తే వంగాలి, ఇంకో రెండు వేస్తే కూలబడాలి, ఆ తర్వాత చెయ్యి మాత్రమే పడుతుంది. అక్కడ గిన్నెలు పెట్టుకున్నారు. అత్తగారికి మోకాళ్ళ జబ్బు. పదకొండేళ్ళుగా ఆవిడ కాళ్ళు ముడుచుకునే పడుకుంటోంది.

మంత్రిగారి ప్రకటన విన్న మర్నాడే ఇస్త్రీ ఆవిడ ఫారం పట్టుకుని పైకి వచ్చింది.

“బాబాయిగారూ, ఇది కాస్త నింపిపెట్టండి. మాకేం మేడలొద్దు. మా అత్తయ్య కాళ్ళు చాపుకుని పడుకునేంత గది ఒక్కటొస్తే చాలు.”

నా చేతిరాతకు ఆఫీసులో మంచి పేరు ఉండేది. ‘ప్రస్తుత నివాసం’ అన్న చోట ‘మెట్ల కింద’ అని ముత్యాల్లా రాసిచ్చాను.

వారం తిరక్కుండానే సర్వే అమ్మాయి వచ్చింది. మెళ్ళో కార్డు, చేతిలో ట్యాబు, చంకలో రెండు వందల పేజీల మాన్యువల్.

“పైకప్పు ఉందా అక్కా?”

“పైకప్పేంటమ్మా, మెట్లు.”

“వానొస్తే తడుస్తారా?”

“తడవం. ఎవరన్నా దబదబా దిగితే మాత్రం కూరలో మట్టి పడుద్ది.”

“తడవరు. పైకప్పు ఉంది,” అని అమ్మాయి టిక్కు పెట్టింది. “గోడలు?”

“మూడు పక్కలా ఉన్నాయి.”

“నాలుగో పక్క?”

“పరదా. పాత దుప్పటి కట్టాం.”

అమ్మాయి మాన్యువల్ తీసి పేజీలు తిప్పింది. మనిషి తన ఇష్టప్రకారం వెయ్యగలిగి, తియ్యగలిగినది ఏదైనా తలుపే అని అందులో ఉంది.

“పరదా వేస్తారా?”

“వేస్తాం.”

“తీస్తారా?”

“తియ్యకపోతే బయటికెట్లా వస్తాం తల్లీ?”

“సరే, తలుపు ఉంది. లోపలికి పోవాలంటే ఇంకొకళ్ళ గదిలోంచి పోవాలా?”

“ఇంకొకళ్ళ గదెక్కడిది? పరదా తీస్తే వీధే.”

“ప్రత్యేక ప్రవేశం కూడా ఉంది!” అమ్మాయి ముఖం వెలిగిపోయింది. “కంగ్రాట్స్ అక్కా. మీకు ఇల్లుంది.”

“ఎక్కడ?”

“ఇదే.”

ఇస్త్రీ ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. నేనూ చూశాను. పదకొండేళ్ళుగా రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగుతున్నాను, నా కాళ్ళ కింద ఒక ఇల్లుందని నాకే తెలియలేదు. ఇరుగుపొరుగు సాక్షిగా సంతకం పెట్టమంటే ట్యాబు మీద వేలితో పెట్టాను. ఇల్లున్నవాళ్ళకి ఇల్లివ్వరు కాబట్టి ఫారం తిరస్కరించారు.

ఆవిడ ఊరుకోలేదు, అప్పీలు పెట్టింది. రాసింది నేనే. అప్పీలు చదివి డైరెక్టరుగారు స్వయంగా వచ్చారు. ఆ రెండు వందల పేజీల మాన్యువల్ ఆయన రాసిందే. అంతటి మనిషి మా మెట్ల దగ్గరికి వస్తే నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూ కిందికి పరిగెత్తాను. ఆయన పరదా తీసుకుని లోపలికి వెళ్ళారు. ఠంగుమని చప్పుడైంది.

“ఎత్తు సరిపోతుంది,” అంటూ నెత్తి రుద్దుకుంటూ బయటికొచ్చారు. లోపల చీకట్లో ఉన్న అత్తగారిని అక్కణ్ణుంచే అడిగారు. “ఏమ్మా, ఏంటి మీ ఇబ్బంది?”

“కాళ్ళు చాపుకోలేను నాయనా.”

“మాన్యువల్‌లో నిలబడే సంగతే ఉందమ్మా. కాళ్ళ సంగతి లేదు.” తర్వాత ఇస్త్రీ ఆవిడవైపు తిరిగారు. “మీ ఆయన రాత్రిళ్ళు ఎక్కడుంటాడు?”

“సిమెంటు గోడౌన్ దగ్గరండీ. వాచ్‌మన్.”

“రూలు ప్రకారం మనిషి రాత్రి ఎక్కడుంటే అదే ఆ మనిషి నివాసం. గోడౌన్‌కి తలుపుందా?”

“ఉందండీ, ఇనపది. ఇద్దరు తొయ్యాలి.”

డైరెక్టరుగారు ఆవిణ్ణి ఎగాదిగా చూశారు. “ఒకటి కాదు, మీకు రెండిళ్ళున్నాయి. అందులో ఒకటి ఇనప తలుపుల ఇల్లు. ఇంకా ఇల్లు కావాలని అప్పీలా?”

నిద్రలో ఉన్న మొగుడు ఈ మాటకి లేచి పరదాలోంచి తల బయటపెట్టాడు. “గోడౌన్ నాదేంటి సార్?”

“ఉంటున్నావా లేదా అన్నదే మా ప్రశ్న. ఎవరిదన్న కాలమ్ మాకు లేదు.”

నాలుగో రోజున నోటీసు వచ్చింది. రెండిళ్ళు ఎందుకున్నాయో కుటుంబసభ్యులందరూ స్వయంగా ఆఫీసుకొచ్చి సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే ఉన్న ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఆవిడ నోటీసు నా చేత మూడుసార్లు చదివించుకుని, “ఇదేం గొడవ బాబాయిగారూ, గది అడిగితే మెట్లకే ఎసరొచ్చింది,” అని అక్కడే కూలబడి ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే బండి మాట్లాడుకుని, అత్తగారిని ఎక్కించుకుని ముగ్గురూ ఆఫీసుకు వెళ్ళారు. వంటగది అంటే ఏమిటి అన్న విషయం మీద డైరెక్టరుగారు మీటింగులో ఉన్నారు. ఆ మీటింగు మూడు రోజులు సాగింది. వీళ్ళు పొద్దున్నే వెళ్ళి వరండాలో కూర్చోవడం, పొద్దుపోయాక రావడం. రెండో రోజు నేను చూడ్డానికి వెళ్ళాను. వరండాలో గోడ పొడుగునా ఒక చెక్క బల్ల ఉంది. దాని మీద అత్తగారు వెల్లకిలా పడుకుని ఉంది.

“నాయనా, చూడు! చాపాను,” అంది. రెండు కాళ్ళూ బారుగా చాపి, పాదాలు ఆడిస్తోంది. నవ్వుతోంది, కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ప్రభుత్వ కార్యాలయాల వల్ల పేదవాడికి మేలు జరగదని వాగేవాళ్ళు ఆవిణ్ణి చూసుండాల్సింది.

ఆ మూడు రోజుల్లోనే మా భవనానికి రీ-చెకింగ్ గుమాస్తా వచ్చాడు. మొదటిసారి వచ్చిన మనిషి రెండోసారి రాకూడదని రూలట, అందుకని కొత్తవాణ్ణి పంపారు. రోజూ మధ్యాహ్నం వచ్చి, పరదా ముందు నిలబడి, “ఎవరండీ లోపల?” అని మూడుసార్లు పిలిచి, పైకి చూసి నన్నడిగేవాడు.

“లోపల ఎవరూ లేరా సార్?”

“లేరు.”

అబద్ధం చెప్పడం నా వల్ల కాదు. ఎక్కడికి వెళ్ళారని అడిగితే చెప్పేవాణ్ణి, అతను అడగలేదు. మూడో రోజు అతను ‘ఖాళీ ఇల్లు’ అని రాసుకున్నాడు. సాక్షిగా నేనే సంతకం పెట్టాను.

అదే సాయంత్రం డైరెక్టరుగారి మీటింగు ముగిసింది. ఆయన బయటికొచ్చేసరికి బల్ల మీద ముసలావిడ, కింద మొగుడూ పెళ్ళాం. మెట్ల దగ్గర చూసిన మనుషుల్ని ఆఫీసులో ఆయన గుర్తుపట్టలేదు.

“ఎవరు వీళ్ళు?” అని ప్యూన్‌ని అడిగారు.

“ఏమో సార్. మూడు రోజుల్నించీ ఇక్కడే ఉంటున్నారు.”

డైరెక్టరుగారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. నివాసానికి కాని చోట మూడు రోజులు వరసగా ఉన్నవాళ్ళు ఇల్లు లేని కుటుంబం. అదీ ఆయన రాసిందే. కనబడకూడదని మంత్రిగారు బల్ల గుద్ది చెబితే, ఏకంగా డైరెక్టరుగారి వరండాలోనే కనబడ్డారు! నిలబడ్డ పళాన ఇల్లు లేదని సర్టిఫికెట్ రాసిచ్చారు.

“సార్, మేం ఆ మెట్ల కింద…” అని ఇస్త్రీ ఆవిడ మొదలుపెట్టబోయింది. మొగుడు జబ్బ మీద గిల్లాడు. “నోర్ముయ్యవే, ఇస్తున్నారుగా!”

ఆవిడ నోరు మూసుకుని సర్టిఫికెట్ కళ్ళకద్దుకుంది.

ఇళ్ళు లేనివాళ్ళ జాబితానీ ఖాళీ ఇళ్ళ జాబితానీ కంప్యూటర్ జతచేసింది. ఎవరికి వాళ్ళ పేటలోనే, పిల్లల బడికీ పెద్దల పనికీ ఇబ్బంది లేకుండా. ఇంత ముందుచూపు నేను ఏ ప్రభుత్వంలోనూ చూడలేదు. వీళ్ళకొచ్చిన కాగితం మీద పన్నెండంకెల ఇంటి నంబరు తప్ప మరేం లేదు.

పండగలాంటి సభ పెట్టారు. మంత్రిగారు మూరెడు అట్ట తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి ఫోటో దిగారు. తర్వాత ముగ్గుర్నీ తన కార్లోనే ఎక్కించుకున్నారు. వెనక వ్యానులో విలేకరులు, వాళ్ళ మధ్య నేను. దారిలో కొత్త అపార్ట్‌మెంట్ కనబడ్డప్పుడల్లా ఆవిడ కారు కిటికీలోంచి తల పైకెత్తి చూడటం నాకు కనబడుతూనే ఉంది. కార్లు కుడికి తిరిగాయి, ఎడమకి తిరిగాయి, మా భవనం ముందు ఆగాయి.

“సామాను తెచ్చుకోమనా అండీ?” అని ఆవిడ సంబరంగా దిగింది.

మెట్ల కింద పరదాకి అడ్డంగా ఎర్ర రిబ్బన్ కట్టి ఉంది. ఆవిడ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి పరదా తీశారు. లోపల చాపలు, గిన్నెలు, బట్టల మూటలు, ఇస్త్రీ పెట్టె.

“ఖాళీ ఇల్లన్నారు. ఈ సామానెవరిది?”

“ఎవరో అక్రమంగా పెట్టారు సార్,” అన్నారు డైరెక్టరుగారు. “మనకి చెడ్డపేరు రాకుండా లారీ తెప్పించాను.”

పనివాళ్ళు సామాను బయటికి మొయ్యడం మొదలుపెట్టారు. ఇస్త్రీ ఆవిడ ఒక్క ఉదుటున ముందుకొచ్చింది. డైరెక్టరుగారు ఆవిణ్ణి పక్కకి తీసుకెళ్ళి, మెల్లగా, చాలా మర్యాదగా అడిగారు.

“మీదా అమ్మా? మీదైతే చెప్పండి. మీరు ముందునుంచే ఇక్కడ ఉంటున్నట్టు లెక్క. ఇల్లుండి లేదని సర్టిఫికెట్ తీసుకుంటే కేసవుతుంది, ఇదీ పోతుంది.”

ఆవిడ మొగుడి వైపు చూసింది. అతను నేల చూస్తున్నాడు. కారు వెనక సీట్లో అత్తగారు ఇంకా దిగనే లేదు. ఇస్త్రీ ఆవిడ నా వైపు చూసింది. నేను కళ్ళద్దాలు తుడుచుకున్నాను.

ఇంతలో ఇస్త్రీ పెట్టె ఎత్తిన పనివాడు “అబ్బా!” అని దాన్ని కింద పడేశాడు. మొగుడి చొక్కా సభకోసం పొద్దున ఇస్త్రీ చేసింది కాబోలు, బొగ్గులింకా ఆరలేదు.

“వేడిగా ఉందేంటి?” అన్నారు మంత్రిగారు. “అమ్మా, ఇవి నిజంగా మీవి కావా?”

“కావండీ,” అంది ఆవిడ. “మాకేం తెలీదు.”

“చూశారా!” మంత్రిగారు విలేకరుల వైపు తిరిగారు. కండువాతో కళ్ళొత్తుకున్నారు. “కళ్ళెదురుగా అన్ని వస్తువులుంటే ఒక్క గిన్నె కూడా నాదనలేదు. ఇలాంటి నిజాయితీపరులకి ఇల్లివ్వడానికే నేను రాజకీయాల్లో ఉన్నాను.”

లారీ కదిలింది. మేమందరం చప్పట్లు కొట్టాం. ఆవిడ కూడా కొట్టింది.