సింధూజ కట్టిన సుతిలి తోరణం

సింధూజకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. అత్త చిన్నవ్వ వచ్చి, ఇల్లు ఒకసారి కలయజూసి, "ఈ కొంపల పిల్ల ఏం పెరుగుతది? నా ఎంట పంపుండ్రి" అంటుందని. కూతురు మనోజ్ఞకు ఈమధ్యే రెండేళ్ళు నిండాయి. బడి వయసు వచ్చేదాకా మనుమరాలు సిరిసిల్లలో తన దగ్గరే ఉండాలని చిన్నవ్వ ఫోను చేసినప్పుడల్లా అంటోంది. సూరత్‌లో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాళ్ళ పిల్లలు చాలామంది అట్లాగే ఊళ్ళలో పెరుగుతున్నారు. కాదనడానికి సింధూజ భర్త అంబదాస్‌కు తల్లి ముందు నోరు పెగలదు. ఆ చిన్నవ్వ ఈరోజే రైలు దిగుతోంది. తిరుగు ప్రయాణానికి టికెట్టు కూడా తీయించుకుని మరీ వస్తోంది.

సూరత్ శివారు డిండోలిలో వాళ్ళది ఒకటే గది. పోయిన వానాకాలం చెమ్మ గోడల మీద మరకలై మిగిలిపోయింది. టీవీలో మధ్యాహ్నం వచ్చే ఆడవాళ్ళ కార్యక్రమంలో, పారేసే తాడుతో ఇల్లు ఎట్లా అలంకరించుకోవాలో ఒకావిడ హిందీలో చూపించింది. అంబదాస్ పనిచేసే జోల్వా కార్ఖానాలో పార్సిళ్ళు విప్పిన సుతిలి తాడు కుప్పలుగా పడి ఉంటుంది. అది అంబదాస్ సంచీలో ఇంటికి వచ్చింది. దానితోపాటు చిందీలు, అంటే చీరలు కత్తిరించగా మిగిలిన ముక్కలు, కూడా వచ్చాయి. మైదా ఉడికించిన జిగురుతో సింధూజ అద్దం చుట్టూ తాడు చుట్టి అంటించింది. నూనె డబ్బాకు చుట్టి పూలకుండీ చేసింది. అన్నిటికన్నా పెద్ద మరక మీదికి తాళ్ళతో ఒక అలమర వేలాడదీసింది. చివరికి తాడును పసుపునీళ్ళలో ముంచి, పచ్చ చిందీలను ఆకుల్లాగా కత్తిరించి గుచ్చి, ఒక తోరణం అల్లింది. మామిడాకులు చేద్దామనుకుంది గానీ చిందీలే సన్నవి. ఆకులు కూడా సన్నగా, మొనదేలి వచ్చాయి.

అంబదాస్ రాత్రి షిఫ్టు నుంచి నేరుగా స్టేషనుకు పోతాడు. అతను వచ్చేలోపల తోరణం కట్టాలి, వంట చేయాలి, పిల్లకు తానం చేయించాలి. తెల్లవారగానే సింధూజ తోరణం కట్టేసింది. మనోజ్ఞను రాత్రి దోమలు పీకి పెట్టాయి. ఒంటినిండా ఎర్రటి దద్దుర్లు. వాటి మీద పసుపు అద్ది, పిల్లను గడపలో కూర్చోబెట్టి పొయ్యి దగ్గరికి పోయింది.

ఎదురింటి సమ్మక్క నీళ్ళ బిందెతో అటు వచ్చింది. ఆ గల్లీకి ఆమే పెద్దదిక్కు. తోరణాన్ని చూసింది, పిల్లను చూసింది. బిందె దించి, చెప్పులు విడిచి, చేతులు జోడించి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

సమ్మక్కంతటి మనిషికే నచ్చిందంటే ఇక అత్తకు నచ్చకపోతుందా అని సింధూజ గుండె కాస్త కుదుటపడింది. కాసేపటికి గడప ముందు ఎవరో పెరుగన్నం, ఉల్లిగడ్డ, చెంబెడు నీళ్ళు పెట్టిపోయారు. అత్త వస్తోందని పెట్టి ఉంటారనుకుని లోపల పెట్టుకుంది. పప్పుచారుకు ఎల్లిపాయ వేసి పోపు పెట్టింది. ఆ ఘాటు గల్లీలోకి పోయిందో లేదో, బయట కేక వినపడింది.

"ఓ సింధూజా! నీకేమన్న బుద్ధి ఉన్నదా? ఇంట్ల తల్లి పోసి ఉండంగ పోపెడ్తవా?"

సింధూజ గరిటెతోనే బయటికి ఉరికింది. "ఎవలికి పోసింది అక్కా?"

"ఎవలికంటవా? గుమ్మానికి యాపమండలు కట్టి, పిల్ల ఒంటికి పసుపు రాసి, నన్నడుగుతవా?"

సింధూజ గల్లీలోకి దిగి తన తోరణాన్ని మొదటిసారి దూరం నుంచి చూసుకుంది. పసుపు తాడు, సన్నటి పచ్చని ఆకులు, గాలికి ఊగుతున్నాయి. అమ్మవారు పోసిన ఇల్లు అచ్చం అట్లాగే ఉంటుంది. ఆమెకే చేతులు జోడించబుద్ధయింది.

"అక్కా, అవి యాపాకులు కావు, చిందీలు! పిల్లను దోమలు కుట్టినయ్!"

"దోమలా!" సమ్మక్క రెండు చెంపలూ వాయించుకుంది. "తప్పాయె తల్లీ, చిన్నది, తెల్వక అన్నది."

"ముట్టుకొని చూడు అక్కా!"

"తానం చెయ్యకుండ నేను ముట్టుకునుడా? నువ్వు నోరు మూసుకొని ఆ పొయ్యి ఆర్పు పో."

చెప్పి లాభం లేదని సింధూజ స్టూలెక్కి తోరణం ముడి మీద చెయ్యి వేసింది. గల్లీ మొత్తం గొల్లుమంది. "తియ్యకు! తలకు నీళ్ళు పొయ్యకముందే తీస్తే ఇంటింటికీ సుట్టుకుంటది!"

సరిగ్గా అప్పుడే ఆటో వచ్చి గల్లీ మొదట్లో ఆగింది. సమ్మక్క దానికి అడ్డంగా నిలబడింది. "దిగకుండ్రి! రైలు బట్టలతోని ఆ ఇంట్లకు పోవద్దు. పిల్లకు తల్లి పోసింది."

రాత్రంతా నిద్ర లేని అంబదాస్ కళ్ళు నులుముకున్నాడు. "నిన్న పొద్దుమూకి మంచిగనే ఉండె గదా!"

"తల్లి నిన్నడిగి వస్తదారా?"

"ఇది నువ్వు తెచ్చిన సుతిలేనయ్యా!" అని సింధూజ స్టూలు మీది నుంచే అరిచింది.

"సుతిలి ఎందుకు కట్టినవ్?" అంబదాస్ కంగారుపడ్డాడు. "యాపమండలు దొరకలేదా?"

చిన్నవ్వ ఆటోలోంచి తల బయటపెట్టి, పసుపు చుక్కలతో గడపలో కూర్చున్న మనుమరాలిని చూసింది. ఒళ్ళో పిల్ల కోసం తెచ్చిన కొత్త గౌను ఉంది. "తోల్కపోదామని అచ్చిన. ఇగ ఎట్ల? తల్లి ఉన్న పిల్లను రైలెక్కియ్యద్దు. గడప దాటియ్యద్దు" అంది.

సింధూజ చెయ్యి ముడి మీదే ఉంది. ఒక్క లాగు లాగితే ఊడివస్తుంది. చిందీ ఒకటి తీసుకుపోయి అత్త చేతిలో పెడితే అంతా తేలిపోతుంది. తేలిపోతే పిల్ల రైలెక్కుతుంది. ఆమె మెల్లగా స్టూలు దిగింది.

"అవును అత్తమ్మా," అంది. "ఒళ్ళు గూడ జర ఏడిగున్నది."

అన్నాక భయమేసి, నిజంగా వేడిగా ఉందేమోనని పిల్ల నుదురు తడిమి చూసింది.

చిన్నవ్వ మకాం సమ్మక్క ఇంట్లో పడింది. అక్కడి అరుగు మీద నుంచే కోడలిని నడిపించింది. "ఉప్పు తక్కువెయ్యి!" "పిల్లను గాలికి తేకు!" సింధూజ చప్పిడి కూడు తిన్నది. మనోజ్ఞ మాత్రం కుందేలులా గెంతుతోంది. తలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా దాన్ని లాక్కొచ్చి పడుకోబెట్టడం పెద్ద పని అయిపోయింది. దేవత పేరు మీద అబద్ధం ఆడినందుకు తల్లి నిజంగానే వచ్చి పోస్తుందేమోనని సింధూజకు భయం పట్టుకుంది. లేచీ లేవగానే గౌను ఎత్తి పిల్ల పొట్ట చూసేది, తర్వాత తన చేతులు చూసుకునేది. చిన్నతనంలో ఆమెకు కూడా పోయలేదు. దోమకాటు కనిపించినా పదేపదే తడిమి చూసేది.

ఇక తట్టుకోలేకపోయింది. పిల్లను తీసుకుపోతే తీసుకుపోనీ, ప్రాణాలతో ఉంటే చాలు అనుకుని, నిజం చెప్పేయడానికి ఒక పొద్దున గల్లీ దాటింది. సమ్మక్క గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"లోపలికి రాకు. మీ అత్తకు పోసింది."

కిటికీలోంచి చూస్తే చిన్నవ్వ మంచం మీద మూలుగుతోంది. ముఖం నిండా నీటి పొక్కులు. అవి మాత్రం దోమలవి కావు. సమ్మక్క గుసగుసగా చెప్పింది. సిరిసిల్లలో పక్కింటి పిల్లలందరికీ పోసిందట. చిన్నవ్వ వాళ్ళను చంకనేసుకుని తిరిగి, ఆ తర్వాతే రైలెక్కిందట.

సింధూజ వెనక్కి తిరిగి తన గడప వైపు చూసింది. ఆరోజు ఆటో దిగి ఇంట్లోకి వచ్చి ఉంటే, అత్త ముందుగా ఒళ్ళో కూర్చోబెట్టుకునేది మనోజ్ఞనే.

"అత్తమ్మా," అంది కిటికీ ఊచలు పట్టుకుని. "మనోజ్ఞకు ఏం కాలే. నేను అబద్ధమాడిన. అవి యాపాకులు కావు, చిందీలు."

చిన్నవ్వ కళ్ళు తెరిచింది. "ఊకో పిల్లా. నాకు ఎర్కనే. ఆ పొద్దు ఆటోల కూసోని మొక్కిన, దాన్ని ఇడిసి నా మీదికి రా తల్లీ అని. అచ్చింది. ఇప్పుడు పిల్లకు ఒక్క పొక్కన్న ఉన్నదా?"

"లేదు గని..."

"మరి?"

అప్పటికే కిటికీ దగ్గర చేరిన గల్లీ ఆడవాళ్ళు చిన్నవ్వకు దండం పెట్టారు. ఆమె మంచం మీదే కాస్త నిటారుగా కూర్చుంది. "తల్లి ఇడిసిపెట్టిన పిల్ల అది. ఈడనే పెరగాలె. మా ఊళ్ళె ఇంకా తగ్గలేదు గూడ."

టికెట్టు రద్దు చేయించడానికి అంబదాస్ ఆ పూటే పరుగెత్తాడు. సింధూజ ఇంకో రెండుసార్లు నిజం చెప్పబోయింది, ఎవరూ వినలేదు.

ఇప్పుడు పగలంతా సమ్మక్క చీరల మడతపనికి పోతుంది, చిన్నవ్వ ఒక్కతే మంచం మీద ఉంటుంది. ఎన్నడూ పోయని సింధూజ ఆ గడప తొక్కడానికి లేదు. అంబదాస్‌కు చిన్నప్పుడు పోసిందో లేదో అతనికి తెలియదు, తల్లిని అడిగితే పూటకో మాట చెబుతోంది. చిన్నప్పుడే అమ్మవారు పోసి తగ్గినవాళ్ళు ఎవరైనా డిండోలి వైపు వెళ్తే, దయచేసి చిన్నవ్వను ఒకసారి చూసి రండి. ఎట్లా ఉన్నావని అడగండి గానీ ఎట్లా వచ్చిందని మాత్రం అడగకండి, పొద్దుగూకేదాకా లేవనివ్వదు.