పునర్జన్మ మంచానికి టోకెన్లు

శుక్రవారం ఉదయం పదిన్నరకు ఖాదీ శాఖ మంత్రి పొన్నివళవన్ గారు తమిళనాడు చరిత్రలోనే మొట్టమొదటిసారిగా ఒక మంచాన్ని ప్రకటించారు. దాని పేరు పునర్జన్మ మంచం. పదిహేను నిమిషాలు పడుకుంటే షుగరు, బీపీ, కీళ్లనొప్పులు, కంటి పొరలు పోతాయి. ఇరవై నిమిషాలు పడుకుంటే ఊడిన పళ్లు తిరిగొస్తాయి. "ఊరికో మంచం. ఇది నా హామీ కాదు, నా ఊపిరి" అని మంత్రిగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. వైద్యం ఆయన శాఖ కాదు. అయినా ప్రజల బాధ చూశాక శాఖలు చూసుకునే మనిషి కాదాయన. మధ్యాహ్నానికల్లా వెంబకుళంలో ఆ ప్రకటన మోగని ఫోను లేదు. దాని సంగతి తెలియని మనిషి మాత్రం ఒక్కరే మిగిలారు. ఆయన మంత్రిగారు.

ప్రకటన తయారుచేసినవాడు ఇసక్కిముత్తు, పార్టీ ఐటీ విభాగానికి వెంబకుళం కార్యదర్శి. ఫ్లెక్సీల షాపు మేడ మీద అతని ఆఫీసు. అందులో ఒక కంప్యూటరు, ఒక ఫ్యాను, మంత్రిగారి ఫొటోలు పదకొండు. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఎదుటి పార్టీవాళ్లు ఇంటింటికీ కొత్త గ్రైండరు అంటున్నారు. గ్రైండరును మించింది ఏదైనా చూడమని పైనుంచి కబురొచ్చింది. ఇసక్కిముత్తు ఎవరి పెళ్లిలోనో మంత్రిగారు చేసిన ప్రసంగం నుంచి గొంతు తీసుకున్నాడు, పాత పోస్టరు నుంచి జుట్టు తీసుకున్నాడు, మిగతాది ఏఐ చూసుకుంది. నిమిషం వీడియోలో చివర ఎనిమిది సెకన్లు మిగిలాయి. ఖాళీగా వదలబుద్ధి కాక, "మంచం ఎక్కేవారు ఇప్పటినుంచే ఇంగ్లీషు మందులు మానాలి, ఒంట్లో విషం దిగాలి" అని మంత్రిగారి చేత అనిపించాడు. నాటువైద్యం మరిగిన ఊరు అది. పథ్యం చెప్పని వైద్యాన్ని అక్కడ ఎవరూ లెక్కచెయ్యరు.

సాయంత్రం మంత్రిగారి బంగళా నుంచి పిలుపొచ్చింది. పదవి ఊడిందనుకుంటూనే వెళ్లాడు ఇసక్కిముత్తు. మంత్రిగారు సోఫాలో కాలు చాపుకుని, మోకాలికి తైలం రాయించుకుంటూ, తన వీడియోను ఏడోసారి చూస్తున్నారు.

"ఏం తమ్ముడూ, మంచం ఎక్కడ?"

"అన్నా... అది వీడియో అన్నా."

"నాకు కళ్లున్నాయిలే. మంచం ఎక్కడని అడుగుతున్నా. ముందు ఈ మోకాలి సంగతి తేల్చాలి."

"మంచం లేదన్నా. ఏఐతో చేశాను. మీరు ఆ మాట అనలేదు."

"అనలేదా? ఇదిగో, అంటున్నాగా!"

"నేను అనిపించానన్నా."

మంత్రిగారు అతనివైపు జాలిగా చూశారు. "ముప్పై ఏళ్లుగా ఎవరో ఒకరు రాసిచ్చిందే అంటున్నా తమ్ముడూ. వాళ్లు కాగితం మీద రాశారు, నువ్వు కంప్యూటర్లో రాశావు. అంతమాత్రాన నా మాట నాది కాకుండా పోతుందా?"

ఇంత నిజాయితీగా మాట్లాడే నాయకుణ్ణి ఇసక్కిముత్తు అంతవరకు చూడలేదు. మరి మంచాల మాటేమిటని అడిగాడు.

"మంచాలు తర్వాత. ముందు టోకెన్లు కొట్టించు. గులాబీ రంగువి."

పొన్నివళవన్ గారికి జనం నాడి తెలుసు. వెంబకుళానికి పండగ బియ్యం వచ్చినా, చీరలు వచ్చినా, ఫ్యాన్లు వచ్చినా ముందు టోకెనే వచ్చింది. టోకెన్ ఉండి సరుకు రాకపోతే ఆ ఊరివాళ్లు దాన్ని ఆలస్యం అంటారు, అబద్ధం అనరు.

సోమవారం తెల్లవారకముందే రేషన్ షాపు ముందు టోకెన్ల కోసం వరస తయారైంది. మనుషులు కాదు, చెప్పులు, సంచులు, ఇటుకలు, ఒక పగిలిన బిందె. వాటి తాలూకు మనుషులు టీ కొట్టు దగ్గర కూర్చుని ఏ జబ్బుకు ఎన్ని నిమిషాలో లెక్కలు వేసుకుంటున్నారు. బిందెను ఎవరో మూడు చోట్లు ముందుకు జరిపారని పెద్ద గొడవైంది.

"తేదీ వెయ్యలేదేం?" అని అడిగాడొక ముసలాయన టోకెన్ తిప్పి చూసుకుంటూ.

"ఖాళీగా ఉందంటే ఏ రోజైనా కావచ్చు తాతా" అన్నాడు షాపతను.

"అంటే రేపే కావచ్చన్నమాట!" అని వరసంతా సంబరపడింది. పది గంటలకు లామినేషన్ షాపు ముందు ఇంకో వరస మొదలైంది.

నాలుగువందల పదిహేడో నంబరు టోకెన్ పేచ్చియమ్మాళ్‌కు దక్కింది. ఆవిడ ఇసక్కిముత్తు తల్లి. పన్నెండేళ్ల షుగరు. ఎడమ పాదం మీద ఒక పుండు ఆరునెలలుగా మానడం లేదు. రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ సూది తప్పితే ఆ పాదం తీసెయ్యాల్సి వస్తుందని సర్కారు ఆసుపత్రి నర్సు ముఖం మీదే చెప్పింది. కొడుకు ఇంటికి వచ్చేసరికి ఆవిడ టోకెన్‌కు కుంకుమబొట్టు పెడుతోంది.

"సూది వేసుకున్నావా అమ్మా?"

"శుక్రవారమే మానేశాను. విషం దిగాలన్నారుగా."

ఎనిమిది సెకన్ల మాట సొంతింటికే వస్తుందని ఇసక్కిముత్తు అనుకోలేదు. నేల మీద చతికిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"అమ్మా, ఆ వీడియో నేనే చేశాను. మంచమూ లేదు, మన్నూ లేదు. సూది వేసుకో."

పేచ్చియమ్మాళ్ కొడుకును ఎగాదిగా చూసింది. "పదోక్లాసు రెండుసార్లు తప్పినోడివి. నువ్వు మంత్రిగారిని చేశావా?"

"ఒట్టమ్మా! నీ మీద ఒట్టు!"

"పోయిన దీపావళికి బోనస్ వస్తోందని కూడా నా మీదే ఒట్టేశావు. వచ్చిందా? నీ మాట నమ్ముకుంటే నట్టేట మునిగినట్టే. పో, కాళ్లు కడుక్కుని అన్నం తిను."

రెండు రోజులకు ఆవిడ గోడ పట్టుకుని నడవసాగింది. పుండు నుంచి వాసన మొదలైంది. తన మాట చెల్లని చోట ఎవరి మాట చెల్లుతుందో ఇసక్కిముత్తుకు తెలుసు. బుధవారం ఉదయం రెండో వీడియో వదిలాడు. అందులో మంత్రిగారు అదే జుట్టుతో, అదే గుండె మీద అదే చెయ్యి వేసుకుని చెప్పారు: "మంచం వచ్చేదాకా ఎవరూ మందులు మానకండి. మీ డాక్టరు చెప్పిందే పథ్యం."

అతను ఇల్లు చేరిన పది నిమిషాల్లో లోపలినుంచి కేక వినిపించింది. "ఒరే ముత్తూ, సూది పట్రా! మంత్రిగారు వేసుకోమంటున్నారు."

ఆ పూట అతను ఏడు ఇడ్లీలు తిన్నాడు. తన జీవితంలో చేసిన వీడియోలన్నిటిలోకీ అదే మంచిదనిపించింది, సంతోషంతో కళ్లు చెమర్చాయి. శనివారానికి తల్లి గోడ వదిలి నడిచింది.

ఆదివారం మళ్లీ బంగళా నుంచి పిలుపు. ఈసారి మంత్రిగారి కళ్లు నిప్పులు కక్కుతున్నాయి.

"మంచం వచ్చేదాకానట! ఆ ఒక్క మాటతో జనం ఎప్పుడొస్తుందని అడగడం మొదలుపెట్టారు. నేను అనని మాట నా నోట్లో పెట్టిన దుర్మార్గుడెవడు?"

"అన్నా, నిజానికి రెండూ మీరు అనలేదు. రెండూ నేనే..."

"మొదటిది నేను అన్నానని నేనే ఒప్పుకున్నా. నేను ఒప్పుకున్నాక అది అసలుది కాకుండా ఎలా పోతుంది? రెండోది ఒప్పుకోవడం లేదు. కాబట్టి నకిలీ. ఇంత సులువైన సంగతి తేల్చడానికే పార్టీలో సత్య నిర్ధారణ విభాగం పెడుతున్నా. దానికి అధ్యక్షుడివి నువ్వే."

అక్కడికక్కడే పట్టుశాలువా కప్పారు. ఫొటో తీశారు. తర్వాత ఇద్దరు మనుషులు చెరో చంకా పట్టి మంత్రిగారిని కారు దాకా నడిపించారు. మోకాలి ఆపరేషనుకు చెన్నైలో పెద్ద ఆసుపత్రిలో గది సిద్ధంగా ఉంది.

"మరి మంచం అన్నా?" అన్నాడు ఇసక్కిముత్తు ఉండబట్టలేక.

"నేను టోకెన్ తీసుకోలేదు తమ్ముడూ" అన్నారు మంత్రిగారు అద్దం దించి. "ప్రజల వంతు లాక్కోవడం నా రక్తంలో లేదు."

సోమవారం ఉదయం కొత్త అధ్యక్షుడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. రెండో వీడియో మీద అడ్డంగా ఎర్రటి 'నకిలీ' ముద్ర వెయ్యాలి. కింద నిర్ధారించినవారి పేరు, ఫొటో ఉండాలి. తల్లి పాదం కళ్లముందు మెదిలి అతని వేలు ఆగింది. అయితే ముద్ర కింద ఉండేది మంత్రిగారి ఫొటో కాదు, తనది. నా మాట ఆవిడ ఎప్పుడు విన్నది గనక, అనుకున్నాడు. ఆ ధైర్యంతో మీట నొక్కాడు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్లేసరికి పేచ్చియమ్మాళ్ గుమ్మంలో కాలు చాపుకుని కూర్చుంది. చుట్టూ నలుగురు ఆడవాళ్లు. ఆవిడ చేతిలోని ఫోను తెర మీద శాలువాతో ఇసక్కిముత్తు. తల్లి కళ్ల నిండా నీళ్లు.

"వీధంతటికీ చూపించానురా. ఏది నిజమో ఏది అబద్ధమో తేల్చేవాడివట నువ్వు! మంత్రిగారికి తెలిసిన నీ విలువ నాకు తెలియకపోయె."

"సూది వేసుకున్నావా అమ్మా?"

"ఇంకెక్కడి సూది? అది నకిలీ అని నువ్వే రాశావుగా. మందు సీసాలు కాలవలో కుమ్మరించి వచ్చాను."

"అమ్మా, నా మాట విను..."

"విన్నానుగా నాయనా. ఇకమీదట నీ మాట జవదాటను" అంటూ ఆవిడ కొడుకు తల నిమిరింది. కొంగు ముడి విప్పి లామినేషన్ చేసిన టోకెన్ తీసి, పెన్నుతో సహా అతని చేతిలో పెట్టింది.

"ఆ తేదీ కూడా నువ్వే వేసెయ్యి. నువ్వు రాస్తే ఇంక తిరుగుండదు."