ఆపాలంటే స్టాప్ అని పంపండి

చిన్నపాళెంలో పదమూడు మంది గర్భిణులు పదకొండు రోజుల్లో చుట్ట మానేశారని ఊరూవాడా చాటిన నేరం మీదే. ‘అమ్మ ఊపిరి మిషన్’ ప్రత్యేకాధికారి క్రాంతి కుమార్ గారూ, మీదే! మీ పక్కన శాలువా కప్పుకొని పళ్ళికిలించినవాడు కూడా ముద్దాయే. వాడి పేరు బెన్హర్. తొమ్మిదో తరగతి తప్పాడు, మైకు దొరికితే వదలడు. అంటే నేను.

నెల్లూరు జిల్లా బోగోలు అవతల సముద్రం ఒడ్డున ఉంటుంది మా చిన్నపాళెం. మా ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు. అంటే చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంటారు. అలా అయితే గాలికి ఆరదు, బూడిద చేపల గంపలో పడదు. కడుపుతో ఉన్నా మానరు. మానిపించడానికి ఒక నర్సమ్మను పంపమని నేను మిషన్ ఆఫీసు ముందు టెంటు వేసుకొని నాలుగు రోజులు కూర్చున్నాను. అయిదో రోజు క్రాంతి కుమార్ గారు స్వయంగా మెట్లు దిగి నా దగ్గరికి వచ్చారు. అంతటి ఆఫీసరు నాకోసం మెట్లు దిగడమా అని కళ్ళు చెమ్మగిల్లాయి. లిఫ్టు చెడిపోయిందని తర్వాత తెలిసింది.

“నర్సు దేనికయ్యా? నర్సుకు కాళ్ళు నొప్పెడతాయి, సెలవులుంటాయి, అత్తగారు చనిపోతారు. మెసేజ్‌కు అత్తగారు ఉండరు. మీ ఆడవాళ్ళ చుట్ట మెసేజ్‌లతోనే మానిపిస్తాం,” అన్నారు.

ఎంత లోతైన మాట! డైరీలో రాసుకున్నాను. ఆయన అక్కడికక్కడే నన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టి మిషన్‌కు భాషా సలహాదారుణ్ణి చేశారు. పదేళ్ళు ఎండలో అరిచినవాడికి ఏసీ గాలి తగిలితే ఏమవుతుందో మీకు తెలియదు. గొంతు మెత్తబడుతుంది.

మెసేజ్‌లన్నీ ఇంగ్లీషులో వచ్చాయి. తెలుగు చేయడం నా పని. నా ఇంగ్లీషు బస్సుల మీదా సోడా సీసాల మీదా చదివి నేర్చుకున్నది, కాబట్టి ధైర్యం ఎక్కువ. ప్రతి మెసేజ్ చివరా ఒక వాక్యం ఉంది. దాన్ని ఇలా రాశాను: ‘ఈ మెసేజ్‌లు మీకు రాకుండా ఆపాలంటే స్టాప్ అని పంపండి.’

కంప్యూటర్ చూసుకునే రూఫస్ తల గోక్కున్నాడు. “అక్షరాలు ఎక్కువైనాయి బెన్హరన్నా. కొంచెం కొయ్యాల.”

కొయ్యడమంటే నాకు ప్రాణం. సాగదీసే తెలుగు చూస్తే ఒళ్ళు మంట. ముందున్న నాలుగు మాటలూ నరికేశాను. మిగిలింది: ‘ఆపాలంటే స్టాప్ అని పంపండి.’

“బాణంలా ఉంది బెన్హర్ గారూ!” అన్నారు క్రాంతి కుమార్ గారు. ఒక ఆఫీసరు నన్ను గారూ అనడం అదే మొదలు. ఆ గారూను ఒళ్ళో పెట్టుకొని బస్సులో ఇంటికొచ్చాను.

మా ఊళ్ళో ఫోన్లు మగవాళ్ళవి. మొదటి మెసేజ్ చిన్నపోలయ్యకు పడవలో వల లాగుతుండగా వచ్చింది. ‘అమ్మా, మీ కడుపులో బిడ్డ ఇప్పుడు వంకాయంత ఉంది.’

“ఒరే పోలయ్యా, నువ్వు వల ముట్టుకోవాకు. కూసో, చూలాలివి,” అని పడవలో వాళ్ళు ఒడ్డు చేరేదాకా వాణ్ణి వదల్లేదు.

అసలు చూలాలు అతని భార్య ధనలక్ష్మి. ఏడో నెల. మొదటి బిడ్డ కిలోన్నర పుట్టి తొమ్మిది రోజులు బతికింది. ఈ బిడ్డయినా నిలవాలని ఆమెకు ఒకటే ఆశ. మొగుడి ఫోను పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

“అన్నా, చుట్ట మానాలని ఉంది, నా వల్ల కావడంలా. పొద్దన్నే గంప ఎత్తుకోంగానే దవడ లాగతది. ఈ ఫోను ఏమన్నా చేస్తదా?”

“చెయ్యకేం! ఇది చూడు. ఆపాలంటే స్టాప్ అని పంపమని ఉంది. నేనే రాసినా.”

“పంపితే ఏమైతదన్నా?”

“ఇంక వాళ్ళే చూసుకుంటారు. ఫోన్ చేస్తారు, మనిషి వస్తది.”

పక్కనే ఉన్న ఆశా కార్యకర్త అబిగయీలు తల అడ్డంగా ఊపింది. “ఇదంతా ఎందుకు ధనా? దవడ లాగే టైముకు నేనొచ్చి నీ పక్కన కూసుంటా. పోయినేడాది ఇద్దరు అట్టానే గదా మానింది.”

“అబిగయీలూ, నువ్వు సైన్సుకు అడ్డం రావాకు,” అని కసిరాను.

ధనలక్ష్మి నోట్లో చుట్ట తీసి ఇసకలో గుచ్చింది. ఒక్కో అక్షరం వెతుక్కొని నొక్కింది. వెంటనే జవాబు వచ్చింది: ‘ధన్యవాదాలు. మీ కోరిక నెరవేరింది.’ ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. ఊరి మధ్య నిలబడి నేను దంచిన ఉపన్యాసానికి మిగతా పన్నెండు మందీ పంపేశారు.

అంతే. ఆ తర్వాత ఏ ఫోనుకూ మెసేజ్ రాలేదు. మనిషీ రాలేదు.

ధనలక్ష్మి మొదటి రోజు నిమ్మతొక్క నమిలింది. రెండో రోజు పచ్చి చింతకాయ. మూడో రోజు గంప దించి నన్ను నిలేసింది. “ఎవురో వస్తారంటివే అన్నా?”

“దారిలో ఉంటారు,” అన్నాను. 

అబిగయీలుకు వచ్చే వీలు లేకపోయింది. మిషన్ వాళ్ళు ఆమెకు ఫోటోల పని అప్పజెప్పారు. పదమూడు మందివీ రోజూ నవ్వుతున్న ఫోటోలు తీసి పంపాలి. నవ్వని ఫోటో తిరిగొస్తుంది. అయిదో రోజు వలల కుప్ప వెనక ధనలక్ష్మి నాకు వీపు తిప్పి కూర్చొని ఉంది. పొగ కనిపించలేదు. అడ్డపొగ బయటికి ఎక్కువ కనిపించదు.

నెల తిరక్కుండా నెల్లూరులో సన్మాన సభ పెట్టారు. వేదిక వెనక రూఫస్ కంప్యూటర్లో లెక్క చూపించాడు. ఆపినవారు: పదమూడు. ఆపనివారు: సున్న.

“ఏంది ఆపింది రూఫసూ?”

“మెసేజ్‌లన్నా. వద్దని స్టాప్ కొట్టినారు గదా, ఆ రోజే కట్ చేసినాం.”

“మరి చుట్ట?”

“ఇందులో ఆ కాలమ్ లేదన్నా.”

నా నెత్తురు ఉడికింది. వేదిక ఎక్కి, మైకు లాక్కొని, మొత్తం బట్టబయలు చెయ్యాలనుకున్నాను. ఎక్కాను కూడా. మైకు చేతికిచ్చారు కూడా. అంతలో భుజాల మీద శాలువా పడింది. అంచు జరీ మెత్తగా ఉంది. “అందరికీ ధన్యవాదాలు,” అన్నాను.

తర్వాత ధనలక్ష్మిని పిలిచారు. క్రాంతి కుమార్ గారు వంగి మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు. “చెప్పమ్మా ధనలక్ష్మి గారూ, మానేసినాక ఎలా ఉంది?”

“నేను మానలా సార్. మీరే మానేసినారు.”

ఆయన సభవైపు తిరిగారు. “విన్నారా! ఘనతంతా మనకే ఇస్తోంది!”

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అందరికంటే ముందు కొట్టిన చేతులు ఎవరివో మర్నాడు పేపర్లో ఫోటో చూసినవాళ్ళకు తెలుసు. నావే.

ఇప్పుడు ధనలక్ష్మికి ఎనిమిదో నెల. క్రాంతి కుమార్ గారూ, అబిగయీలును ఫోటోల పని నుంచి తప్పించండి. రోజూ పొద్దున్నే చేపల రేవులో ధనలక్ష్మి పక్కన, తక్కిన పన్నెండు మంది పక్కన ఆమె కూర్చునేట్టు ఈ రోజే ఆర్డరివ్వండి. మేము మొదట అడిగిన నర్సమ్మను ఈ వారమే పంపండి. ఆ వాక్యం నరికింది నేనేనని సంతకం పెట్టి ఇస్తాను, ఏ కేసైనా పెట్టుకోండి, కాదనను. విచారణ తర్వాత తీరిగ్గా జరుపుకోవచ్చు. బిడ్డ ఒళ్ళు చేయడానికి ఇంక అయిదు వారాలే ఉన్నాయి. ముందు మనిషిని పంపండి.