మగ్గం వేరు, మగ్గం వర్క్ వేరు

మనిషి బాగుపడటానికి ఎండాకాలాన్ని మించిన కాలం లేదని మూడు జిల్లాల స్వీయాభివృద్ధి మండలి తేల్చి చెప్పింది. వానాకాలం పొలం పనులుంటాయి, చలికాలం పెళ్లిళ్లుంటాయి. నలభై మూడు డిగ్రీల ఎండలో మాత్రం మనిషికి తన లోపాల గురించి ఆలోచించడం తప్ప వేరే పనుండదని మండలి పరిశీలన. (పరిశీలన ఏసీ గదిలో జరిగింది.) అందుచేత గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో ముప్పై అయిదు నుంచి నలభై అయిదేళ్ల లోపు వాళ్లు నలభై అయిదు రోజుల్లో మెరుగుపడాలనీ, వీలైతే చేసే పని కూడా మార్చుకోవాలనీ ఉత్తర్వు వచ్చింది. మెరుగుపడటం కుదరనివాళ్లు కారణం రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో ఇవ్వాలి.

ఆ ఉత్తర్వు చదివి నిజంగా ఆశపడిన మనిషి మూడు జిల్లాల్లో బహుశా అంజన్న ఒక్కడే.

అంజన్నకు నలభై రెండేళ్లు. గద్వాలలో ఇరవై రెండేళ్లుగా చీరలు నేస్తున్నాడు. గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు వదిలి కూర్చోవాలి, కింద కాళ్లు తొక్కుతుంటే పైన చేతులు అడ్డపోగును దూర్చే నాడెను అటూ ఇటూ విసురుతూ నేస్తుండాలి. పట్టు అంచునూ నూలు చీరనూ పోగుకు పోగు మెలేసి కలపడంలో అతని చెయ్యి పెట్టింది పేరు. వాడలో ఆ కలిపిన చోట వేలు రాసి, చూడకుండానే "ఇది అంజన్న నేసింది" అని చెప్పేవాళ్లున్నారు. మోకాళ్లు మాత్రం ఆ పేరును లెక్కచేయలేదు. కూర్చునే పని తగ్గించుకోమని దవాఖానలో చెప్పారు. అప్పటి నుంచి అంజన్నకు ఒకటే కోరిక, నిలబడి చేసే పని ఏదైనా దొరకాలి. బ్యాంకు ముందు వాచ్‌మన్‌ను చూసినా అసూయ పడుతున్నాడు.

పేరు నమోదుకు 'మారుదాం' అనే యాప్ ఉంది. ప్రస్తుతం చేస్తున్న పనిని నూట పద్నాలుగు పనుల జాబితాలోంచి ఎంచుకోవాలి. తేనెటీగల పెంపకం ఉంది, డ్రోన్ ఎగరేయడం ఉంది, పెళ్లి వీడియోలు ఉన్నాయి. నేత లేదు. (యాప్ తయారైన ఊళ్లో బట్టలు దుకాణంలోనే పుడతాయి.) అంజన్న మూడుసార్లు కిందికీ మీదికీ జరిపి చూశాడు. చివరికి 'మగ్గం వర్క్' అని కనిపించింది. మగ్గం అంటే మగ్గమే, వర్క్ అంటే పని. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు రాస్తారని నొక్కేశాడు. అనుభవం: ఇరవై రెండేళ్లు.

పక్కన రాట్నం మీద నూలు కండెలు చుడుతున్న భార్య రేణుకమ్మ తొంగిచూసింది.

"ఏం నొక్కినవ్?"

"మగ్గం వర్క్."

"మగ్గం వర్క్ అంటే జాకెట్ల మీద పూసలు, అద్దాలు కుట్టుడు. నువ్వు ఎన్నడు కుట్టినవయ్యా?"

"మరి మగ్గమని ఎందుకు రాసిండ్రు?"

"ఆ బట్టను బిగబట్టే చట్రాన్ని గట్లంటరు. నన్ను అడిగితే ఏం పోయె?"

సరిచేద్దామని వెనక్కి వెళ్తే, ఎంచుకున్న జీవితాన్ని మార్చుకోవాలంటే వనపర్తి కార్యాలయంలో స్వయంగా సంప్రదించాలని యాప్ చెప్పింది.

ఎలాగూ మెరుగుపడే క్లాసులు వనపర్తిలోనే. పొద్దున్నే బస్సెక్కి, ఎర్రవల్లి, పెబ్బేరు మీదుగా వెళ్లాలి. అక్కడ డేవిడ్ సార్ అనే వికాస శిక్షకుడు చేతిలో మైకు పట్టుకుని, ఏడుగురున్న గదిలో ఏడొందల మందికి వినపడేలా మాట్లాడతాడు.

"మనిషి ఎదగకపోవడానికి కారణం ఒక్కటే. తన గుంటలో తాను హాయిగా కూర్చోవడం. మీ గుంటలోంచి బయటికి రండి."

అంజన్న చెయ్యెత్తాడు. "సార్, అండ్ల హాయిగ ఏముండదు. మోకాళ్లు గుంజుతయ్."

డేవిడ్ సార్ ఆ మాటను బోర్డు మీద రాయించి, అందరితో చప్పట్లు కొట్టించాడు. ఇంటికి పని కూడా ఇచ్చాడు. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి, తనను తాను పది నిమిషాలు పొగుడుకోవాలి. (నిలబడి చేసే పని కావాలన్న అంజన్న కోరికకు మండలి చేసిన మొదటి సాయం ఇది.) రెండో రోజే రేణుకమ్మ పట్టుకుంది.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్?"

"నాతోని నేనే. నేను గొప్పోన్నని చెప్పుకుంటున్న."

"చెప్పుకో. చెప్పుకున్నంక ఆ కండెలు అందియ్యి."

వనపర్తి కార్యాలయంలో దిద్దుబాట్ల విభాగం మనీషా మేడంది. నిదానస్తురాలు. అంజన్న చెప్పిందంతా విని, తలూపి, "రెండింట్లోనూ మగ్గం ఉంది కదా" అంది.

"మగ్గం వేరు, మగ్గం వర్క్ వేరు మేడం. మాది చీర నేసుడు. వాళ్లది జాకెట్ మీద కుట్టుడు."

"చీరా జాకెట్టూ కలిపే కదా కట్టుకుంటాం" అంది మేడం. అయినా నిబంధన ప్రకారం ఇంటికి తనిఖీ పంపిస్తానంది.

తనిఖీ నిజంగానే వచ్చింది, క్లాసున్న రోజున. క్లాసు ఎగ్గొడితే 'మెరుగుపడటానికి నిరాకరణ' అని రాస్తారు కాబట్టి అంజన్న వనపర్తిలో ఉన్నాడు. తనిఖీ అధికారి గద్వాలలో నివేదిక రాశాడు. 'మగ్గం ఉంది. మనిషి లేడు. ఇంట్లో ఒక మహిళ రాట్నం తిప్పుతూ ఖాళీగా కూర్చుని ఉంది. మగ్గం వదిలేసినట్టు నిర్ధారించడమైనది.' వెళ్తూ వెళ్తూ మగ్గానికి సర్కారు కొట్టిన నంబరు రేకు ఊడబీకి తీసుకుపోయాడు.

నంబరు లేకపోతే, నూలిచ్చి చీరలు నేయించుకునే సావుకారు మగ్గం మీదికి పడుగు పోగులు ఇవ్వడు.

"నంబర్ లేని మగ్గానికి పడుగిస్తే నన్ను కూడ రాసుకపోతరు అంజన్నా" అన్నాడు సావుకారు. "ముందుగాల రేకు తెచ్చుకో."

ఇరవై రెండేళ్లుగా తిట్టుకున్న మగ్గమే. అయినా పోగులు లేకుండా నిలబడ్డ దాన్ని చూస్తే అంజన్నకు అన్నం సహించలేదు. మోకాళ్లలో నొప్పి పోయి గుండెల్లో మొదలైంది. వాచ్‌మన్ ఉద్యోగం వద్దు, ఏమీ వద్దు, తన మగ్గం తనకు ఇస్తే చాలనుకున్నాడు. రేణుకమ్మ రాట్నాన్ని గోడ పక్కకు జరిపింది.

మళ్లీ మనీషా మేడం దగ్గరికే వెళ్లాడు.

"పాతది దిద్దడం కుదరదు" అంది మేడం, ఈసారి కొంచెం జాలిగా. "కానీ కొత్త పనుల జాబితా ఒకటుంది. అందులో చేనేత ఉంది."

ఉంది. మానుకునే పనుల జాబితాలో లేని నేత, నేర్చుకునే పనుల జాబితాలో పదకొండో నంబరుగా ఉంది. (నేతలోకి కొత్తగా వచ్చేవాళ్లే గాని, వదిలేసేవాళ్లుండరని మండలి లెక్క.) కాబట్టి దారి ఒక్కటే. జాకెట్ల మీద పూసలు కుట్టే అంజన్న, ఆ పనితో విసిగిపోయి, చేనేత నేర్చుకుంటానని దరఖాస్తు పెట్టుకోవాలి.

"అనుభవం కాడ ఏం రాయాలె మేడం?"

"కొత్తవాళ్లు కదా. సున్నా."

అంజన్న పెన్ను పట్టుకుని ఆ గడిలో ఇరవై రెండు అని రాయబోయాడు. సావుకారు గుర్తొచ్చాడు. సున్నా చుట్టాడు.

ముగింపు సభ నాగర్‌కర్నూలులో జరిగింది. ఈ వేసవిలో పని మార్చుకున్నవాడు మూడు జిల్లాలకూ కలిపి ఒక్కడే తేలడంతో అంజన్నను వేదిక మీద రెండు గంటలు నిలబెట్టారు. డేవిడ్ సార్ మైకందుకున్నాడు.

"నలభై అయిదు రోజుల క్రితం ఈయనకు నాడె అంటే ఏంటో తెలియదు. ఇవాళ అదే నాడెతో చీర నేస్తున్నాడు. దీన్నే వికాసం అంటారు."

చప్పట్లు మోగాయి. శాలువా కప్పారు. అంజన్న అలవాటుగా దాని అంచు మీద వేలు రాసి చూశాడు. మిషను బట్ట.

రేకు తిరిగొచ్చింది, సావుకారు పడుగిచ్చాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి ఏడాది అంచు కలపరాదన్న నిబంధన రేకుతో పాటు వచ్చిన కాగితం వెనకవైపు ఉందట, దాన్ని రేణుకమ్మ పొయ్యిలో పెట్టింది. అంజన్న గోడ పట్టుకుని, మోకాళ్లు గుంజుతుండగా మెల్లగా గుంటలోకి దిగి, నాడె వేశాడు. అంతలో ఫోనులో యాప్ మెసేజ్ మోగింది.

"చదువు" అన్నాడు చెయ్యి ఆపకుండా.

రేణుకమ్మ రాట్నం ఆపి చదివింది. "అభినందనలు అంజన్న గారూ. మీరు మీ గుంటలోంచి బయటికి వచ్చారు. మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

"ఇరవై రెండు నొక్కు."

"అయిదు కాడికే ఉన్నయ్."