షుగర్ మెషిన్ ప్రమాణ స్వీకారం

"మన ఆస్పత్రుల్లో అన్నీ ఉన్నాయి, ప్రమాణాలు తప్ప" అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. ఒక ఆస్పత్రి వరండాలో కొత్త బరువు తూచే యంత్రాన్ని ప్రారంభిస్తూ అన్న మాట ఇది. యంత్రం మీద మొదట ఆయనే ఎక్కారు. ముల్లు చూపించిన అంకె ఆయనకు నచ్చలేదని, ఆ కోపంలోనే ప్రకటన చేశారని గిట్టనివాళ్లు అంటారు. గిట్టనివాళ్ల సంగతి మనకెందుకు.

"ఇకమీదట ప్రతి వార్డులో, ప్రతి ల్యాబులో ప్రమాణాలు కనిపించాలి. అవీ అలాంటిలాంటి ప్రమాణాలు కాదు, అంతర్జాతీయ ప్రమాణాలు. అవి లేని ఆస్పత్రికి సూపరింటెండెంటు ఉండడు. అందరికంటే ముందు తెచ్చిన సూపరింటెండెంటు డైరెక్టరవుతాడు."

ఆ చివరి ముక్క టీవీలో వినగానే మన సూపరింటెండెంటు గారు సోఫాలోంచి లేచి నిలబడ్డారు. పక్కనే ఉన్న ఆయన భార్య కూడా లేచింది. ఆవిడ లేచింది మంచినీళ్ల కోసం. ఈమధ్య ఆవిడకు దాహం ఎక్కువైంది, కూర్చున్నచోటే కళ్లు తిరుగుతున్నాయి, కాలివేలి మీద చిన్న గాయం ఎంతకీ మానడం లేదు.

"షుగరేమోనండీ" అంది గ్లాసు దించి.

"మన ల్యాబులో చూపించాం కదా. తొంభై ఎనిమిది. ఆ వయసు పిల్లలకి కూడా అంత బాగుండదు" అన్నారాయన టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

"ఏ వయసు పిల్లలకి?"

ఆయనకు వినిపించలేదు. అప్పటికే డైరెక్టరుగారి గదిలో కర్టెన్లు ఏ రంగువి వేయించాలా అని ఆలోచిస్తున్నారు.

ఉత్తర్వు వారంలోనే వచ్చింది. మంత్రిగారికి మాతృభాష మీద మమకారం ఎక్కువ కాబట్టి, ఇంగ్లీషులో రాసినదాన్ని పట్టుబట్టి తర్జుమా చేయించారు. స్టాండర్డ్స్ అన్నచోటల్లా ప్రమాణాలు అని పడింది. కాలిబ్రేషన్ అన్నచోట ప్రమాణీకరణ అని, సర్టిఫికెట్ అన్నచోట ప్రమాణపత్రం అని పడ్డాయి. దాన్ని చదివి అర్థం చెప్పే పని హెడ్ క్లర్కు మీద పడింది. ఆయన కోర్టులో ఉద్యోగం వెలగబెట్టి, బదిలీ మీద ఆస్పత్రికి వచ్చినవాడు.

"ఇందులో అనుమానమేముంది సార్. 'సిబ్బంది యావన్మందీ ప్రమాణాలు పాటించి, యంత్రాలన్నింటికీ ప్రమాణీకరణ జరిపించి, ప్రమాణపత్రము పొందవలెను.' ప్రమాణపత్రం అంటే అఫిడవిట్టు. అందరిచేతా ఒట్టేయించమంటున్నారు."

"యంత్రాలచేత కూడానా?"

"యంత్రాలన్నింటికీ అని ఉంది సార్. మినహాయింపు లేదు."

సూపరింటెండెంటు గారు చదువుకున్నవారు. కాలిబ్రేషన్ అంటే ఇంజనీరు వచ్చి, యంత్రం నిజం చెబుతోందో లేదో పరీక్షించి సరిచేయడమని ఆయనకు తెలుసు. ఆ ఇంజనీరును పంపమని తాను చాలాసార్లు అడిగిన సంగతీ, బడ్జెట్ లేదని చాలాసార్లు జవాబు వచ్చిన సంగతీ ఇంకా బాగా తెలుసు. ఒట్టుకు బడ్జెట్ అక్కర్లేదు. అయినా ఎందుకైనా మంచిదని, ప్రమాణాలంటే ఏమిటో దయచేసి తెలుపగలరని పైవాళ్లకు రాశారు. "ప్రమాణాలనగా ప్రమాణాలే. ఇట్టి సందేహములు పునరావృతము కారాదు" అని జవాబొచ్చింది. ఆయన మనసు తేలికపడింది.

మర్నాటి నుంచి ఆస్పత్రి రూపురేఖలు మారిపోయాయి. ఊడ్చేవాళ్లు చీపుర్లు గోడకానించి, వార్డు అద్దంలా ఉందని ప్రమాణం చేశారు. చేసేసరికి డ్యూటీ టైమైపోయింది, ఊడవకుండానే ఇంటికెళ్లారు. మందులిచ్చే ఫార్మసిస్టు ఖాళీ బీరువా ముందు నిలబడి మందులన్నీ ఉన్నాయని ప్రమాణం చేశాడు. లిఫ్టు మనుషుల్ని సురక్షితంగా పై అంతస్తుకు చేరుస్తుందని లిఫ్ట్‌మ్యాన్ గట్టిగా, గుండె మీద చెయ్యేసుకుని పలికాడు. పలికి, మెట్లెక్కి పైకి వెళ్లాడు.

మగవాళ్ల వార్డులో ఒక ముసలాయన మాత్రం కొంచెం ఇబ్బంది పెట్టాడు.

"సిస్టరమ్మా, పరుపులో నల్లులున్నాయి."

"లేవు తాతా. లేవని పొద్దునే ప్రమాణం చేశాం."

"మీరు చేశారు సరే. వాటిచేత చేయించారా?"

సిస్టరు ఈ విషయం పైవాళ్ల దృష్టికి తీసుకెళ్లింది. నల్లులు ఆస్పత్రి సిబ్బంది కిందికి రావని హెడ్ క్లర్కు తేల్చాడు.

యంత్రాలకు నోరు లేదు కాబట్టి, వాటి తరఫున వాటిని నడిపేవాళ్లు ప్రమాణం చేయాలని నిర్ణయమైంది. ల్యాబులో షుగర్ మెషిన్ వంతు వచ్చేసరికి సూపరింటెండెంటు గారు స్వయంగా వెళ్లారు. మెషిన్ మీది గుడ్డ తీశారు, దుమ్ము తుడిచారు. ల్యాబ్ టెక్నీషియన్ దాని మీద చెయ్యి పెట్టి, నీళ్లు నమిలాడు.

"సార్, ఒక్క మాట. దీంట్లో ఎవరి రక్తం పెట్టినా తొంభై ఎనిమిదే వస్తోంది."

"ఎవరిది పెట్టినా?"

"మొన్న పొరపాటున ఎవరో కూల్‌డ్రింక్ పెట్టారు సార్. దానికీ తొంభై ఎనిమిదే."

హెడ్ క్లర్కు మొహం వెలిగిపోయింది. "మాట మార్చని సాక్షి సార్. కోర్టులో ఇలాంటి సాక్షి దొరకాలంటే పెట్టిపుట్టాలి."

సూపరింటెండెంటు గారికి మాత్రం పొద్దున ఇంట్లో భార్య కుంటుతూ కాఫీ తెచ్చిన తీరు కళ్లముందు కదిలింది. ఇవాళే బయట ఎక్కడైనా చూపించాలి అనుకున్నారు. కానీ సూపరింటెండెంటు భార్య బయటి ల్యాబులో కనిపిస్తే పేపర్లో పడుతుంది. పేపర్లో పడితే డైరెక్టర్ కుర్చీ గోవిందా. సర్టిఫికెట్ రానీ, ఆ తర్వాత ఆలోచిద్దాం అని తనకు తాను సర్దిచెప్పుకున్నారు. నిజం చెప్పాలంటే ఆయనకు సిగ్గేసింది, కానీ ఎక్కువసేపు కాదు.

"కానివ్వవయ్యా" అన్నారు టెక్నీషియన్‌తో. "మెషిన్ సరిగ్గా ఉందని నీ పిల్లల మీద ఒట్టెయ్యి, ఓ పనైపోతుంది."

"పిల్లల మీద వెయ్యను సార్."

"పోనీ మీ ఆవిడ మీద."

"ఇంటికెళ్తే అది నన్ను బతకనివ్వదు సార్. కావాలంటే మీ మీద వేస్తా."

సూపరింటెండెంటు గారు రెండడుగులు వెనక్కు వేశారు. చివరికి హెడ్ క్లర్కే మధ్యేమార్గం కనిపెట్టాడు. టెక్నీషియన్ ప్రభుత్వం మీద ఒట్టేశాడు. దానికేమైనా అయితే ఎటూ ఎన్నికలున్నాయి.

ఇక తనిఖీ. సర్టిఫికెట్లిచ్చే పెద్ద సంస్థ నుంచి అసెసరుగారు వచ్చారు. మెడలో ట్యాగు, చేతిలో ట్యాబు, నిప్పులాంటి మనిషని పేరు. సూపరింటెండెంటు గారి గదిలో జీడిపప్పు పళ్లెం పక్కకు నెట్టి, "ముందు ల్యాబ్ చూపించండి" అన్నారు.

"తప్పకుండా సార్. పద్ధతి ప్రకారం ముందు తమరు కూడా ప్రమాణం చెయ్యాలి" అని హెడ్ క్లర్కు కాగితం ముందు పెట్టాడు. ఆస్పత్రి మొత్తం కళ్లారా చూశాననీ, అంతా సంతృప్తికరంగా ఉందనీ అందులో ఉంది. అసెసరుగారు తొందరలో సంతకం పెట్టేసి లేచారు.

"పదండి, ల్యాబుకి."

"మళ్లీనా సార్?"

"మళ్లీ ఏమిటి? నేనింకా చూడలేదు."

"చూశానని ప్రమాణం చేశారు కద సార్. ఇప్పుడు చూడ్డానికి వెళ్తే తమ ప్రమాణాన్ని తమరే శంకించినట్టవుతుంది. కోర్టులో దీన్ని వేరే మాటంటారు."

అసెసరుగారు మళ్లీ కూర్చున్నారు. జీడిపప్పు పళ్లెం దగ్గరకు లాక్కున్నారు. నిప్పు కూడా మర్యాద తెలిసినదే.

సర్టిఫికెట్ అన్ని ఆస్పత్రులకంటే ముందు మన ఆస్పత్రికే వచ్చింది. మంత్రిగారే స్వయంగా వచ్చి వేదిక మీద దాన్ని అందించారు. "ఒట్టేస్తే సరిపోతుందా అని ప్రతిపక్షం వాళ్లు అడుగుతున్నారు. నేను మంత్రినయింది దేనితో? ప్రమాణంతో. ఆ తర్వాత ఎవరైనా వచ్చి నన్ను పరీక్షించారా?" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. కాబోయే డైరెక్టరుగారికి దండ పడింది. ముందు వరసలో ఆయన భార్య మంచినీళ్ల సీసా ఖాళీ చేసి, పక్కావిడ సీసా అడిగి అదీ తాగింది. భర్తకు చప్పట్లు కొడదామని లేవబోయి, తూలి, కుర్చీ పట్టుకుని కూర్చుండిపోయింది. వేదిక మీంచి ఆయన అది చూశారు. ఆ తర్వాత మంత్రిగారు చెప్పిన మాటలేవీ ఆయన బుర్రకెక్కలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి సర్టిఫికెట్ బల్ల మీద పెట్టారు. భార్య దాన్ని తిరగేసి చూసి, పక్కన పెట్టింది.

"ఏవండీ, ఇన్నాళ్లనుంచీ ఊరందరిచేతా ఒట్లు వేయిస్తున్నారు. నాకోసం మీరొక్కటి వెయ్యండి."

"ఏమని?"

"నా తల మీద చెయ్యి పెట్టి, నా షుగరు తొంభై ఎనిమిదే అని చెప్పండి. చాలు, ఇక ఎప్పుడూ అడగను."

ఆయన చెయ్యి ఎత్తారు. ఆవిడ తల వంచింది. జుట్టులో తెల్లవెంట్రుకలు ఇన్నెప్పుడొచ్చాయో ఆయన చూసుకోలేదు. ఆయనకు చాలా భయమేసింది. ఆ చెయ్యి అక్కడిదాకా వెళ్లలేక, మేకుకున్న కారు తాళాలు అందుకుంది.

"చెప్పులేసుకో" అన్నారు.

"ఎక్కడికి?"

"బస్టాండు వెనక సందులో చిన్న ల్యాబుంది."

"దానికి సర్టిఫికెట్ ఉందా?"

"లేదు. పద."

సందులో కారు పట్టదు. సందు మొదట్లోనే ఆపి, భార్య చెయ్యి పట్టుకుని నడిపించారు. ఎవరూ గుర్తుపట్టకుండా రుమాలు మొహానికి కట్టుకున్నారు. ఆ ల్యాబు ఒకే గది, బయట ఒకే బెంచీ. బెంచీ మీద ఈ చివర టెక్నీషియన్ పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చివర అసెసరుగారు, మెడలో ట్యాగు జేబులోకి తోసి, మోచేతి మడతలో దూది నొక్కుకుంటున్నారు. ఎవరూ ఎవరికీ నమస్కారం పెట్టలేదు. మధ్యలో ఉన్న హెడ్ క్లర్కు కాస్త జరిగి చోటిచ్చాడు.

"కూర్చోండమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "లోపల మంత్రిగారి అత్తగారున్నారు. కొంచెం ఆలస్యమవుతుంది."