షేర్ ఆటోలో అంతరిక్ష వ్యాపారం

ఆ రోజు పొద్దున ప్రభుదాస్ పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, అక్క శాంతి మార్కెట్ యార్డుకు తెచ్చే వడ్లను మంచి రేటుకు అమ్మించడం. రెండోది, ఆఫీసుకు పోయే దారిలో రాకేశ్‌తో ఫోన్లో మాట్లాడి, ఆకాశంలో దివాలా తీసిన తన వ్యాపారాన్ని ఎలా నిలబెట్టుకోవాలో కనుక్కోవడం. మొదటి పని అక్కకు మాట ఇచ్చినది. రెండోది ఇంట్లో కూడా చెప్పుకోలేనిది.

ఈ ఆకాశ వ్యాపారం ఏమిటో ముందే చెప్పెయ్యడం మంచిది. ఇరవై ఏళ్ళ కిందట డిగ్రీ చదివే రోజుల్లో ప్రభుదాస్, రాకేశ్ కలిసి జనగామలో ఒక నెట్ సెంటరులో ఒక కంప్యూటర్ ఆట ఆడేవారు. అప్పటికే అది బాగా పాత ఆట. నల్లటి తెర మీద పచ్చటి గీతలు, అంతే. ఆ గీతల్నే ఓడ అనుకోవాలి, ఆ గీతల్నే స్టేషన్ అనుకోవాలి. ఒక స్టేషన్‌లో చవగ్గా సరుకు కొని, ఓడలో వేసుకుని, దారిలో దొంగలకు చిక్కకుండా ఇంకో స్టేషన్‌కు చేర్చి లాభానికి అమ్ముకోవాలి. ఓడ నడిపేది రాకేశ్. ఎక్కడ ఏం కొనాలో, ఎక్కడ అమ్మాలో చెప్పేది ప్రభుదాస్. నెట్ సెంటరుకు వచ్చే పిల్లలంతా అతని కుర్చీ చుట్టూ చేరి సలహాలు అడిగేవారు.

ఆ తర్వాత బతుకులో అతన్ని సలహా అడిగిన పాపాన ఎవరూ పోలేదు. చదువైపోయింది, యార్డులో ఉద్యోగం వచ్చింది. గేటు దగ్గర కూర్చుని లోపలికి వచ్చే ట్రాక్టరు నంబరు రాసుకుని చీటీ చేతిలో పెట్టడమే ఆ ఉద్యోగం. మీటింగు పెడితే అతని కుర్చీ తలుపు పక్కనే వేస్తారు, టీ వచ్చినప్పుడు లేచి దారి ఇవ్వడానికి వీలుగా. ఇంట్లో కూర ఏం వండాలన్నా అతన్ని తప్ప అందరినీ అడుగుతారు. నలభై దాటిన మగవాడికి ఇది చెప్పుకునే బాధ కాదు కాబట్టి అతను చెప్పుకోలేదు. ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనుక్కున్నాడు. ఆ పాత ఆటే కొత్త హంగులతో వచ్చిందని తెలిసి అందులో ఎక్కించుకున్నాడు.

మొదటి రోజు ఓడ స్టేషన్ ద్వారానికి గుద్దుకుని ముక్కలైంది. మర్నాడు ఓడ నిండా సరుకు వేసుకుని పోతే దొంగలు దోచుకున్నారు. ఆ తర్వాత ఇంధనం చూసుకోకుండా బయల్దేరి, నడిమధ్యలో అది అయిపోయి, ఆ చీకట్లో ఎటూ కదలలేక తేలుతూ ఉండిపోయాడు. ఆఫీసులోనూ తన పరిస్థితి ఇదే కాబట్టి కొత్తగా ఏమీ అనిపించలేదు గానీ, ఒకప్పటి పరువు గుర్తొచ్చి బాధపడ్డాడు. అందుకే రాకేశ్‌ను అడగాలనుకున్నాడు. రాకేశ్ భూపాలపల్లిలో బొగ్గు బావిలో పని చేస్తాడు. రోజుకో షిఫ్టు భూమి కింద గడిపే మనిషి కావడం వల్లనేమో, ఆకాశం మీద ఆశ చావక ఆ ఆట ఏనాడూ మానలేదు.

శాంతి సంగతి వేరు. ఆమె భర్త ఇంటి మీద రేకులు సర్దుతూ జారిపడి, నడుము విరిగి మంచంలో ఉన్నాడు. వరంగల్ దవాఖానలో ఆపరేషన్‌కు ఆ వారంలోనే తారీఖు ఇచ్చారు. కౌలు పొలంలో ఆమె ఒంటి చేత్తో పండించిన యాసంగి వడ్లు అమ్ముడుపోతేనే ఆ ఆపరేషన్. ఊళ్ళో కొనుగోలు కేంద్రంలో ఆమె వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. యార్డుకు తెమ్మని, తాను చూసుకుంటానని ప్రభుదాస్ గట్టిగా చెప్పాడు. తల్లి లేని ప్రభుదాస్‌ను పెంచింది ఆ అక్కే. ఆమెకు ఒక్క పనైనా చేసి పెట్టాలని అతని కోరిక.

పాలకుర్తిలో ఆటో ఎక్కగానే ఫోను మోగింది. నైట్ షిఫ్టు దిగి రాకేశ్ చేస్తున్నాడు. ఆటోలో ప్రభుదాస్‌కు ఆనుకుని పోశాలు కూర్చున్నాడు. పోశాలు శాంతి ఉండే ఊరి రైతు, విన్న మాటను పది మందికి చెప్పందే తిన్నది అరగని మనిషి. ముందూ వెనకా ఇంకో ఆరుగురు. అందరూ వడ్లు కోసి ఇళ్ళ ముందు పోసుకున్నవాళ్ళే, ఇవాళో రేపో యార్డుకు తేవలసినవాళ్ళే.

చాలాకాలం తర్వాత ఆటలోకి తిరిగొచ్చేవాళ్ళకు చెప్పవలసిన జాగ్రత్తలన్నీ రాకేశ్ ఓపిగ్గా చెప్పాడు. పాత జ్ఞాపకాలతో ఆడొద్దు, అప్పటి రేట్లు ఇప్పుడు లేవు. చిన్న ఓడతోనే మొదలుపెట్టు. సగం నింపితే చాలు. తిరిగి రావడానికి ఇంధనం ఉంచుకో. స్టేషన్ ద్వారం దగ్గర నెమ్మదిగా పో. అందరూ సరుకు దించే చోట నువ్వూ దించకు, రెండు రోజులు ఆగు. చివర, తనకు మాత్రమే తెలిసిన ఒక దారి కూడా చెప్పాడు. సిగ్నల్ తెగిపోతూ ఉండటంతో ప్రభుదాస్ కొన్ని మాటల్ని తిరిగి చెప్పి ఖాయం చేసుకున్నాడు. ఈ వయసులో ఆట గురించి మాట్లాడుతున్నందుకు సిగ్గేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గొంతు తగ్గించాడు. ఆటోలో గట్టిగా మాట్లాడేవాడి గోల ఎవరూ పట్టించుకోరు. చెయ్యి అడ్డం పెట్టుకున్నవాడి మాటలు డ్రైవరు కూడా వింటాడు.

వాళ్ళు విన్నది ఇది: "అందరు ఆడనే దించుతున్నరు, ఇయ్యాల పోతే మునుగుతం అంటవ్. సరే. రెండు దినాలు సరుకు కదిలియ్యొద్దు. ఆఁ. తర్వాత వాళ్లే ఎగబడి కొంటరు. తొవ్వల దొంగలు గూడ ఉన్నరా? సరే సరే. ఎవ్వరికి చెప్పొద్దా? నేనెందుకు చెప్త. అందరికి తెలిస్తే రేటు పడిపోతది గద."

ప్రభుదాస్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. పోశాలు తాను దిగవలసిన చోటుకు చాలా ముందే ఆటో ఆపించి, మిగతా చిల్లర కూడా తీసుకోకుండా దిగిపోయాడు. పాపం, కడుపులో బాగా లేదేమోనని ప్రభుదాస్ అనుకున్నాడు.

రైతుల లెక్కలో, యార్డు మనిషికి లోపలివాళ్ళెవరో రహస్యంగా చెప్పిన మాట అది. యార్డు వాళ్ళు మైకు పట్టుకుని చెప్పేదాన్ని ఏ రైతూ నమ్మడు. దొంగచాటుగా విన్నది కాబట్టి అందరూ నమ్మారు. పోశాలు తన ట్రాక్టరును ఇంటి ముందే ఆపేశాడు. ఆ కబురు పక్క మండలం జఫర్‌గఢ్ చేరేసరికి రేటు ఎంత పెరుగుతుందో కూడా అందులో చేరింది. నెల్లికుదురు చేరేసరికి దొంగలు రోడ్డు మీద ట్రాక్టర్లు ఆపి డ్రైవర్లను కొడుతున్నారు. దారిలో ఉన్న బండ్లు దారిలోనే వెనక్కి తిరిగాయి.

పది గంటలైనా గేటు దగ్గరికి ఒక్క ట్రాక్టరు రాలేదు. హమాలీలు పేకాటకు కూర్చున్నారు. సెక్రటరీ గది నుంచి బయటికి వచ్చి ఖాళీ యార్డును చూసి, ఎవడో పుకారు పుట్టించాడని, వాణ్ణి పట్టుకుంటే ఉద్యోగం ఊడబీకుతానని అరిచాడు. అలాంటివాణ్ణి ఊరికే వదలకూడదని ప్రభుదాస్ కూడా గట్టిగా తలూపాడు. అతను పెద్దవాళ్ళతో ఏకీభవించిన సందర్భాల్లో అంత మనస్ఫూర్తిగా ఏకీభవించింది అదొక్కటే.

అప్పుడే శాంతి ఫోన్ చేసింది. "తమ్మీ, ఇయ్యాల వడ్లు తేవద్దన్నవట గద. ఆటోల ఎవరికో చెప్పినవని పోశాలు కాక ఊరంత చెప్తుండు. నాకెందుకు చెప్పలే?"

ప్రభుదాస్ ఒక్కొక్క మాటే గుర్తు చేసుకుని, ఏ మాట ఎవరి చెవిలో ఎలా పడిందో తెలుసుకున్నాడు. సెక్రటరీకి చెబుదామా అంటే, యార్డును ముంచింది పుకారు కాదండీ, నేను ఆకాశంలో నడిపే ఓడ అని ఏ మొహంతో చెప్పాలి? గోడ చాటుకు పోయి పోశాలుకు ఫోన్ చేశాడు. అది కంప్యూటర్లో ఆడే ఆట అని, సరుకంటే వడ్లు కాదని, దొంగలంటే ఆకాశంలో ఉండే దొంగలని బతిమాలుతూ చెప్పాడు.

పోశాలు అంతా విన్నాడు. "గట్లనే చెప్పాలె బిడ్డ. నీ నౌకరి నీకు ముఖ్యం. నువ్వేం ఫికర్ పడకు, నీ పేరు మేం బయట పెట్టం" అన్నాడు. ఫోను పెట్టేసి పక్కవాళ్ళతో, పిలగాడు పాపం చాలా భయపడుతున్నాడని, ఆకాశం, ఓడలు అంటూ ఏదేదో మాట్లాడుతున్నాడని, అంటే లోపల వ్యవహారం చాలా పెద్దదని చెప్పాడు. ఆ మాటతో అప్పటిదాకా ఊగిసలాడుతున్న నలుగురైదుగురు కూడా ఆగిపోయారు.

ఇక మిగిలింది అక్క. ప్రభుదాస్ మళ్ళీ ఆమెకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. సిగ్గు విడిచి, ల్యాప్‌టాప్ సంగతి, రాకేశ్ సంగతి, అన్నీ చెప్పాడు.

"ఊరంత ఆగుతున్నరు తమ్మీ. నేనొక్కదాన్ని తేవాల్నా?"

"అక్క, నా మాట నమ్ము. అదంత ఉత్తదే. యార్డు ఖాళీగున్నది, నీదే మొదటి కాంటా. ఇయ్యాల తెస్తే నిన్ను మించినోళ్లు లేరు."

ఆమె నమ్మింది. కిరాయి ట్రాక్టరులో వడ్లు వేసుకుని మధ్యాహ్నానికి వచ్చింది. ప్రభుదాస్ తన చేత్తో చీటీ రాసి ఇచ్చి, సిమెంటు గచ్చు మీద దగ్గరుండి రాశి పోయించాడు. అంత పెద్ద యార్డులో ఆ ఒక్క రాశి చిన్నబోయి కనిపించింది. ట్రాక్టరు అతను ఇంకో కిరాయి ఉందని వెళ్ళిపోయాడు.

కొనేవాళ్ళు లేరు. యార్డుకు సరుకు రావడం లేదని తెలిసి వ్యాపారులు పొద్దున్నే వేరే ఊరి యార్డుకు పోయారు. మిగిలిన ఒకే ఒక్క వ్యాపారి రాశి దగ్గరికి వచ్చి, గుప్పెడు వడ్లు చేతిలో నలిపి చూసి, సరుకు బాగుందన్నాడు. ఒక్క రాశికి వేలం పాట ఎవరితో పాడాలని నవ్వి, రేపు చూద్దామని వెళ్ళిపోయాడు. పని లేని రోజు కాబట్టి హమాలీలు ఇళ్ళకు పోయారు. టార్పాలిన్లు ఉన్న స్టోరుకు తాళం వేసుకుని స్టోరు మనిషి కూడా పోయాడు. రాశి దగ్గర కాపలా ఉంటానని శాంతి ఒక సంచి పరుచుకుని కూర్చుంది. బావకు అన్నం ఎవరు పెడతారని ప్రభుదాస్ అడిగితే, పక్కింటావిడకు చెప్పి వచ్చానంది.

సాయంత్రం ఐదు దాటాక పడమట మబ్బు పట్టింది. గాలి లేచింది. ప్రభుదాస్ స్టోరు మనిషికి ఫోన్ చేస్తే అతను ఎవరి పెళ్ళిలోనో ఉన్నాడు, బ్యాండు మోతలో ఏమీ వినిపించలేదు. మామూలు రోజైతే రాశి రాశికీ ఒక రైతు, రైతు రైతుకూ ఒక టార్పాలిన్ ఉండేవి. ఎవరో ఒకరు సగం కప్పుకోమని ఇచ్చేవారు. ఆ రోజు మూడు మండలాల రైతులూ తమ వడ్లను ఇళ్ళలో పోసుకుని తలుపులు వేసుకున్నారు.

వాన గంటన్నర కురిసింది. అక్కా తమ్ముడూ చేతులతో, తట్టలతో, చివరికి చీటీలు పెట్టుకునే డబ్బాతో కూడా వడ్లు ఎత్తి యార్డు అవతలి చివర ఉన్న షెడ్డులోకి మోశారు. మోసినదానికంటే కొట్టుకుపోయింది ఎక్కువ. మురుగు కాలువలో వడ్లు పచ్చగా తేలుతూ పోతుంటే శాంతి నిలబడి చూసింది. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండునని ప్రభుదాస్‌కు అనిపించింది. వానలో ఎవరికీ తెలియదు గదా అని ఏడ్చాడు.

రెండు రోజులు అన్ని చోట్లా అదే వాన. ఆ రోజు వేరే ఊళ్ళ యార్డుల్లో పోసిన వడ్లన్నీ టార్పాలిన్ల కింద కూడా తడిసిపోయాయి. మూడో రోజు ఎండ కాసేసరికి పొడి వడ్లు ఎక్కడున్నాయని వ్యాపారులు వెతుక్కుంటూ వచ్చారు. ఉన్నవి పోశాలు ఇంట్లో, అతని మాట విన్నవాళ్ళ ఇళ్ళలో. రాకేశ్ చెప్పినట్టే వ్యాపారులు ఎగబడి కొన్నారు. ఆ యాసంగిలో అంత రేటు ఎవరూ చూడలేదు. శాంతి వడ్లు మొలకలు వచ్చాయి. కోళ్ళ దాణాకని ఒకాయన తీసుకుంటానన్నాడు. అతను చెప్పిన ధర ట్రాక్టరు కిరాయికి చాలింది. దవాఖాన వాళ్ళు తారీఖు దాటిపోయిందని, మళ్ళీ రాసుకుంటామని చెప్పారు.

ఆ శుక్రవారం పోశాలు పాతిక మంది రైతుల్ని వెంటబెట్టుకుని శాలువాతో, పూలదండతో గేటు దగ్గరికి వచ్చాడు. ఉద్యోగం ఊడబీకుతానన్న సెక్రటరీ తానే ప్రభుదాస్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, వచ్చే వానాకాలం రేట్లు ఎలా ఉంటాయో తనకొక్కడికి చెప్పమని చెవిలో అడిగాడు. ఇరవై ఏళ్ళుగా అతను ఎదురుచూసిన రోజు అది. దండ బరువుగా ఉంది, మెడ దురద పెడుతోంది. షెడ్డు గుమ్మంలో శాంతి, మిగిలిన వడ్లను సంచిలోకి ఎత్తుకుంటూ కనిపించింది. ప్రభుదాస్ లేచి నిలబడి, తాను చెప్పింది వడ్ల గురించి కాదని, ఒక ఆట గురించి అని, ఆ ఆట ఎలా ఆడాలో కూడా మొదటి నుంచి చివరిదాకా అందరికీ చెప్పాడు. జనం పడీ పడీ నవ్వి చప్పట్లు కొట్టారు. ఇంత చేసి కూడా గొప్ప చెప్పుకోడని పోశాలు కళ్ళు తుడుచుకున్నాడు.

శాంతి మాత్రం నవ్వలేదు. "నిజమే చెప్తున్నడు. నాకు గూడ గిదే చెప్పిండు" అంది.

ప్రభుదాస్ చెప్పని మాట విని మూడు మండలాలు గట్టెక్కాయి. చెప్పిన మాట విన్న మనిషి సంచి మూతి కట్టుకుని బస్సు కోసం రోడ్డెక్కింది.