భద్రం ఒకటి, భద్రం రెండు

పాపను అత్తగారి ఒళ్లో పెట్టి, తొమ్మిదింటికల్లా బ్యాడ్జీ నమూనా కుట్టేసి, పదింటికి పాపకు నీళ్లు పోయాలని చిన్నకోడలు పొద్దున్నే లెక్క వేసుకుంది. పన్నెండింటికి స్కూలు పెద్దమేడం వస్తుంది. నమూనా నచ్చితే నాలుగు వందల బ్యాడ్జీల పని. చూపించలేకపోతే ఆ పని బజార్లో కొట్టువాడికి పోతుంది.

కుట్టుమిషనుకు బొమ్మలు గీసే ప్రోగ్రాం పాత కంప్యూటర్లో తప్ప నడవదు. అది కిందటి నెల కన్ను మూస్తే, తమ్ముడు దాని డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసి లాప్‌టాప్‌లో పెట్టాడు. ఫైలు తెరిస్తే లాప్‌టాప్ కడుపులో పాత కంప్యూటరు లేచి కూర్చుంటుంది. ఆ ఉదయం బొమ్మ దాచబోతే అది స్థలం లేదు పొమ్మంది.

"అంతేనా అక్కా!" అన్నాడు తమ్ముడు ఫోన్లో. "ఆ ఫైలు ఇరవై జీబీ. నలభై చేసెయ్. చిటికెలో పని."

ఎందుకైనా మంచిదని ఆమె ముందు ఒక కాపీ తీసి 'భద్రం ఒకటి' అని పేరు పెట్టింది. ఆ తర్వాతే అసలు ఫైలును నలభై చేసింది. తెరిస్తే లోపల మళ్లీ ఇరవయ్యే.

"పెంచాన్రా, పెరగలేదు!"

"స్థలం కొన్నావు గానీ ప్రహరీ పాతచోటే ఉందక్కా. లోపల గోడ కూడా జరపాలి."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా!"

గోడ ముట్టుకునే ముందు, ఎందుకైనా మంచిదని, 'భద్రం రెండు' తీసింది. నలభై జీబీలు నత్తనడక నడిచాయి. ఈలోగా పాలు పొంగాయి, పాప రాగం అందుకుంది. ఆ హడావుడిలో ఏ గోడ ఎటు జరిపిందో గానీ, తెర నల్లగా మారి ఊరుకుంది.

"పోన్లే, భద్రం రెండుతో మళ్లీ చెయ్."

"దానికి కాపీ తియ్యకుండానా?" అని మొదలుపెట్టింది. ఈసారి లాప్‌టాపే స్థలం లేదంది.

"భద్రానికి భద్రమా! పాలగిన్నె మూతకు మూత పెట్టే మనిషివి నువ్వు. ఆ పాడైనదాన్ని పూర్తిగా తీసెయ్, తల్లీ!"

తీసేసింది. కంగారులో నలభై జీబీలవి రెండూ తీసేసింది. మిగిలింది భద్రం ఒకటి, అంటే పొద్దున్న ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడికే వచ్చింది. గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. కళ్లనీళ్ల పర్యంతమై దాన్నే తెరిచింది.

పాపను చంకనేసుకుని అత్తగారు తెరలోకి తొంగిచూసింది. "ఏంటమ్మా, ఆ మూల చెత్తబుట్ట అలా పొర్లిపోతోంది? పారబొయ్యరా?"

చిన్నకోడలు చూసింది. మూడేళ్లుగా వద్దనుకున్న బొమ్మలన్నీ ఆ బుట్టలోనే పడేసింది. ఎందుకైనా మంచిదని ఒక్కసారీ ఖాళీ చేయలేదు. ఇప్పుడు చేసింది. పన్నెండు జీబీలు ఖాళీ అయ్యాయి.

ఈసారి బొమ్మ దాచమంటే మారుమాటలేకుండా దాచుకుంది.

"గోటితో పోయేదానికి పొద్దుటి నుంచి గొడ్డలి వెతుకుతున్నారా అక్కాతమ్ముళ్లు?" అంది అత్తగారు.

పెద్దమేడం గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా చిన్నకోడలు నమూనా ఆఖరి దారం కత్తిరించింది. ఆవిడ నమూనాను తిరగేసి, బోర్లేసి చూసి, "సోమవారం మొదలెట్టెయ్యమ్మా" అని వెళ్లిపోయింది.

తలుపు వేసి వచ్చి, చిన్నకోడలు 'భద్రం మూడు' తీయడం మొదలుపెట్టింది.